మా పెరటి కొండ మీద జీబ్రా బ్లూ సీతాకోకచిలుక: ఏడు నెలల డైరీ

16 జూన్ 2024, ఆదివారం

ముందు స్థలం సంగతి రాసుకోవాలి. బెజవాడ విద్యాధరపురంలో కొండ మీద, కింద రోడ్డు నుంచి 118 మెట్లు ఎక్కితే మా ఇల్లు. ఇంటి వెనక కొండని తొలిచి కట్టిన రాతిగోడ, ఆ గోడ మీద ఓ గట్టు. టేపు పెట్టి కొలిచాను. పధ్నాలుగు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. జానెడు మట్టి, కింద అంతా రాయి. ఇన్నాళ్లూ అక్కడ పగిలిన బకెట్లు, పాత కుట్టుమిషను స్టాండు, కొబ్బరిమట్టలు ఉండేవి. ఇవాళ అన్నీ తీసేశాం. స్టాండు మాత్రం మావారు పారేయనివ్వలేదు.

ఇదంతా పోయిన డిసెంబరులో మొదలైంది. దండెం మీద బట్టలారేస్తుంటే ఓ చిన్న సీతాకోకచిలుక వచ్చి మావారి లుంగీ మీద వాలింది. మూసిన రెక్కల మీద తెలుపూ గోధుమరంగూ చారలు. వెనక అంచున రెండు నల్లటి చుక్కలు, వాటి పక్కన దారప్పోగంత తోక. నేను జాకెట్లు కుట్టి సంపాదించుకునేదాన్ని. "ఇంత మంచి డిజైను లోపలివైపు పెట్టి, బయట ప్లెయిన్ గుడ్డ వేశాడేంటి" అనిపించింది. ఎందుకంటే రెక్కలు విప్పితే పైన ఒక్క చార కూడా లేదు. వంకాయరంగు కలిసిన నీలం, అంతే. మా ఇంటి కుర్రాడు చింటూ ఫొటో తీసి వెతికాడు. జీబ్రా బ్లూ. లెప్టోటెస్ ప్లినియస్ అని శాస్త్రీయ నామం. రెక్కలు చాచితే ఈ కొస నుంచి ఆ కొసకి అంగుళం, అటూఇటూగా.

అనుకున్నది ఒకటే. మా గట్టు మీద ఒక్క జీబ్రా బ్లూ అయినా గుడ్డు దగ్గర నుంచి రెక్కల దాకా పెరగాలి. బడ్జెట్ 1500 రూపాయలు. "పురుగుల్ని పెంచడానికి డబ్బులా?" అన్నారు మావారు. రెండు పట్టుచీరల ఫాల్స్, పికో డబ్బులు ఇందులో వేశాను. ఆయన్ని అడగలేదు.

30 జూన్

బంతి, నూరువరహాలు, ముళ్లగోరింట పెట్టాను. పెద్ద పెద్ద సీతాకోకలు వచ్చాయి. నల్లవి, పసుపువి, నిమ్మచెట్టు దగ్గర తిరిగేవి. తాగాయి, వెళ్లాయి. ఒక్కటీ గుడ్డు పెట్టలేదు.

చింటూ చదివి చెప్పాకగానీ నాకు బుర్రకెక్కలేదు. తేనె ఏ పువ్వులోనైనా తాగుతుంది గానీ, పిల్ల తినే మొక్క మీదే గుడ్డు పెడుతుంది. మనం టిఫిన్ ఏ సెంటర్లో అయినా చేస్తాం, పురిటికి మాత్రం పుట్టింటికే వెళ్తాం కదా, అలాగ. జీబ్రా బ్లూకి ఆ పుట్టిల్లు చిత్రమూలం జాతి. ఒకే మొక్కకి కట్టుబడిన సీతాకోక కాదట, జీలుగలాంటి చిక్కుడు కుటుంబం మొక్కల మీద కూడా పెడుతుందట. కానీ మా గట్టుకి సరిపోయేది చిత్రమూలమే. రాళ్లలో బతుకుతుంది, నీళ్లు ఎక్కువ అడగదు. 118 మెట్లు నీళ్ల క్యాను మోసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

14 జూలై

అడవి చిత్రమూలం ఎక్కడ దొరుకుతుందో తెలియక నర్సరీకి వెళ్లాను. అక్కడ ఉన్నది తోటల్లో పెంచే నీలి ప్లంబాగో. లేత నీలం పూలు, గుత్తులు గుత్తులుగా. అదీ ఆ జాతిదే, దాని మీద కూడా గుడ్లు పెడుతుంది. ఒక్కోటి 80 రూపాయలు, నాలుగు కొన్నాను. ఆకులు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే ఇస్త్రీ చేసినట్టున్నాయి. అప్పుడే అనుమానం రావాల్సింది.

మూడు రోజులకి ఒక ఆడది వచ్చింది. ఆడదానికి పైన నీలం తక్కువ, గోధుమరంగు ఎక్కువ. మొగ్గల గుత్తి మీద వాలి, పొట్ట కొస వంచి, రెండు మొగ్గల సందులోకి దూర్చింది. ఆ పని రెండు క్షణాలు కూడా పట్టలేదు. మళ్లీ ఎగిరి పక్క గుత్తికి. హుక్కులు కుట్టే అమ్మాయి ఒక జాకెట్టు వదిలి ఇంకో జాకెట్టు అందుకున్నట్టు.

సంతోషం పట్టలేక రాత్రి పూర్ణాలు చేశాను. అత్తయ్య "ఏం విశేషం అమ్మాయ్?" అంటే చెప్పలేకపోయాను.

21 జూలై

అన్నీ పోయాయి.

గుడ్లు పగిలాయి, నాలుగు పిల్లలు వచ్చాయి, అంతవరకు బాగానే ఉంది. రెండో రోజుకి ఒకటి కదలడం మానేసింది. మూడో రోజుకి నాలుగూ నల్లబడి రాలిపోయాయి. మొగ్గకి పెట్టిన కన్నాలు మాత్రం మిగిలాయి, సూదిమొనతో పొడిచినట్టు.

నర్సరీకి వెళ్లి అక్కడి కుర్రాణ్ని అడిగాను, మొక్కలకి మందు కొట్టారా అని. నన్ను వింతగా చూశాడు. "కొట్టకపోతే మీరు కొంటారా అక్కా? ఆకుకి ఒక్క చిల్లుంటే వెనక్కిచ్చేస్తారు. వేరుకే పోస్తాం, నెల దాకా ఏ పురుగూ ముట్టదు." అతనిదేం తప్పు లేదు. చిల్లున్న మొక్క నేను కూడా ఎప్పుడూ కొనలేదు. వేరుకి పోసే మందు రసంతో పాటు ఆకుల్లోకీ మొగ్గల్లోకీ పాకుతుంది, పైన కడిగితే పోదు. నాలుగు కుండీలూ డాబా మీదకి చేర్చాను. కొత్త చిగుళ్లు రెండు మూడు విడతలు వచ్చేదాకా వాటిని నమ్మను.

28 జూలై

చిత్రమూలం ఎక్కడుందో అత్తయ్యకి ముందు నుంచీ తెలుసు. నేను "ప్లంబాగో" అంటుంటే ఆవిడకి అర్థం కాలేదంతే. "తెల్లపూలు, కాడకి జిగురు, బట్టకి అంటుకుంటుంది, అదేనా? పైన ఆ పాడుబడ్డ ఇంటి గోడకి ఉంది కదే" అన్నారు. నేను రోజూ చూసే గోడే అది. మాకు ఇరవై మెట్లు పైన. నెల రోజులు ఊరంతా వెతికాను.

"ఇంట్లో పెట్టకూడదమ్మాయ్, వాత పెడుతుంది" అని కూడా అన్నారు. మూఢనమ్మకం అనుకుని వేరు పీకాను, చేతికి ఏమీ లేకుండా. సాయంత్రానికి చూపుడువేలు మంట, పొద్దునకి బొబ్బ. ఆ వేరులో ప్లంబాజిన్ అనే పసుపు పదార్థం ఉంటుందట. చర్మం మీద పెడితే కాల్చినట్టే. ఆయుర్వేదంలో చిత్రకం అని వాడేది ఈ వేరునే, కానీ శుద్ధి చేశాకే వాడతారు. వారం రోజులు ఆ వేలికి కుట్టేటప్పుడు పెట్టుకునే తొడుగు ఎక్కలేదు, రెండు జాకెట్లు ఆలస్యం. ఆవిడేమీ అనలేదు. కొబ్బరినూనె సీసా తెచ్చి మిషను మీద పెట్టి వెళ్లిపోయారు.

వేరు జోలికి పోకుండా కొమ్మలు తెచ్చాను. మరీ లేతవి కావు, ముదురువీ కావు. ఒక్కోదానికి మూడు కణుపులు, కింది కణుపు కిందుగా ఏటవాలు కోత. పాలప్యాకెట్లలో ఇసుక, మట్టి సగం సగం, అడుగున చిల్లులు. మొత్తం 20 కొమ్మలు. రేకు నీడన పెట్టాను.

18 ఆగస్టు

ఇరవైలో పదమూడు నాటుకున్నాయి. లాగి చూస్తే పట్టు తగులుతోంది. గట్టు మీదకి మార్చాను, ఒకటిన్నర అడుగు ఎడంతో.

మార్చే ముందు గట్టు మీద కలుపు పీకుదామని కూర్చున్నాను. రాళ్ల సందుల్లో పులిచింతాకు పరుచుకుని ఉంది. ఒక పిడికెడు పట్టుకున్నాను, చేతి కింద నుంచి ఏదో లేచింది. చొక్కా బొత్తమంత బూడిదరంగు సీతాకోక. విప్పితే వెలిసిన జీన్సు రంగు. పేల్ గ్రాస్ బ్లూ. దాని పిల్లలు తినేది ఈ పులిచింతాకునే. మూడు హృదయాలు అతికించినట్టున్న ఆ ఆకుని తిరగేసి చూస్తే కింద పచ్చటి చిన్న పురుగు. చదునుగా, నత్తగుల్ల తీసేసిన నత్తలా. ఆకు అడుగుపొర గీకి తిని, పై పొర వదిలేసింది. ఆ చోట ఆకు ట్రేసింగ్ పేపరులా వెలుతురు చూపిస్తోంది.

అంటే నేను నర్సరీల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో మా మెట్ల సందుల్లోనే ఒక నీలి సీతాకోక పిల్లల్ని పెంచుకుంటోంది. ఊడ్చేటప్పుడల్లా గీకి పారేసింది నేనే. గట్టు చివర చిలకతోటకూర, పల్లేరు ఉన్నాయి. వాటి మీద పెరిగేది దాని అన్నలాంటిది, డార్క్ గ్రాస్ బ్లూ. కలుపు పీకడం ఆపేశాను.

ఇక్కడ ఒక తగాదా. పులిచింతాకు పప్పు అత్తయ్యకి ప్రాణం. "నీ పురుగులకి పెట్టి నాకు పెట్టవా?" అన్నారు. చివరికి ఒప్పందం కుదిరింది. కుళాయి వైపు ఉన్నది పప్పుకి, గోడ వైపు ఉన్నది పురుగులకి. సరిహద్దుకి చింటూ ఇటుక పెట్టాడు. ఆ ఇటుక రోజుకో అంగుళం గోడ వైపు జరుగుతోంది. ఎవరు జరుపుతున్నారో నేను అడగను.

10 సెప్టెంబరు

మూడు వారాలుగా ఏమీ రాయలేదు.

ఆగస్టు 31న తెల్లారేసరికి ఆకాశం చిల్లుపడినట్టు వాన. ఆ రోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ కబురు విన్నాక మా కొండ మీద ఎవరికీ నిద్ర లేదు. అర్ధరాత్రి మా గట్టు సగం జారింది. చప్పుడు పెద్దగా లేదు, గోనెసంచి ఒరిగినట్టు ధబ్బుమంది, అంతే. గోడ నిలబడింది. మిషను స్టాండు మట్టిని కొంత ఆపిందని మావారు ఇప్పటికీ అందరికీ చెబుతున్నారు.

మర్నాడు బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్‌లో మా వదినగారి ఇంట్లో నడుముదాకా నీళ్లు. రెండో రోజుకిగానీ బయటికి రాలేకపోయారు. నలుగురూ మా ఇంటికే వచ్చారు. మా మెట్ల మీద నిలబడి చూస్తే కృష్ణమ్మ ఒడ్డులు లేని నీళ్లలా కనబడింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిందన్నారు, అంత వరద ఎప్పుడూ రాలేదట. ఆ రోజుల్లో సీతాకోకల గురించి ఆలోచించానని అబద్ధం చెప్పను. ఎనిమిదిమందికి అన్నం, ఆరని బట్టలు, ఫోను చార్జింగు, ఇవే.

పదమూడు మొక్కల్లో అయిదు మిగిలాయి.

వినాయక చవితి 7న వచ్చింది. పూజ మానేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు, చిన్నగా చేశాం. చిట్టినగర్‌లో కొన్న పత్రి కట్టలో రేగు కొమ్మ ఉంది. బదరీ పత్రం. దాన్ని విప్పుతూ వదినగారి చిన్న కూతురు "అత్తా, ఆకు నడుస్తోంది!" అని అరిచింది. ఆకుపచ్చ పురుగు, వీపు మీద పసుపు గీతలు. అదే నత్తవాటం. ఏదో నీలాల (ఈ నీలి సీతాకోకల) బంధువే అని మాత్రం అర్థమైంది. పూజలో ఆ కొమ్మ పెట్టలేదు. స్వీటు డబ్బా మూతకి చిల్లులు పొడిచి, అందులో వేశాం. రేగు ఆకు కోసం పిల్లలిద్దరూ వానలో కొండ ఎక్కి దిగారు. వాళ్లింట్లో పుస్తకాలతో సహా అన్నీ తడిసిపోయాయి, బడి లేదు, టీవీ లేదు. వాళ్లకి ఆ డబ్బాయే పని.

15 సెప్టెంబరు

పొద్దున ఏడింటికి డబ్బాలో గూడు పగిలింది. కామన్ పియరో. తెల్లటి రెక్కల మీద నల్లచుక్కలు, పైన మొదట్లో నీలం దులిపినట్టు. బయటికి వచ్చేసరికి రెక్కలు ఉండచుట్టిన జేబురుమాళ్లలా ఉన్నాయి. పిల్లలు "పాడైపోయిందా అత్తా?" అని టెన్షన్ పడ్డారు. మెల్లగా మడతలు విడిపోయి సాపైనాయి, ఎవరో లోపల నుంచి ఇస్త్రీ చేస్తున్నట్టు. ఇరవై నిమిషాలు పట్టింది. గంటన్నర తరవాత కిటికీలోంచి ఎగిరిపోయింది.

మధ్యాహ్నం వదినగారు వాళ్లింటికి వెళ్లారు, బురద కడుక్కోవడానికి. చిన్నది ఖాళీ డబ్బా అడిగి పట్టుకెళ్లింది.

13 అక్టోబరు

దసరా రద్దీలో భవానీల ఎర్రబట్టలు కుట్టి కుట్టి వేళ్లు ఎర్రబడ్డాయి. ఇవాళే తీరిక. మిగిలిన అయిదు చిత్రమూలాలూ మోకాలెత్తు దాటాయి, మొగ్గలు వేశాయి.

మొగ్గ గురించి కొంచెం రాయాలి. పువ్వు తెల్లగా, సన్నగా, అయిదు రేకులు. దాని కింద పచ్చటి గొట్టం, గొట్టం నిండా నిలబడిన వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన జిగురు బొట్టు. సూదిలో దారం ఎక్కించడానికి నేను వాడే భూతద్దంలోంచి చూస్తే గుండుసూదుల దిండులా ఉంటుంది. ఆ జిగురుకి చిన్న చిన్న దోమలు అతుక్కుని చచ్చి ఉన్నాయి. అలాంటి చోట పిల్లల్ని పెట్టడమేమిటో అనిపించింది. కానీ అక్కడే, గొట్టం పక్కన, గుడ్డు. గసగసం గింజలో సగం కూడా ఉండదు. గుండ్రంగా, చదునుగా, మధ్యలో చిన్న గుంట, పైనంతా అల్లిక. తెలుపులో ఆకుపచ్చ ఛాయ. ఇది క్రోషియా పని అని ఎవరైనా చెప్పినా నమ్ముతాను. ఆరు దొరికాయి.

21 అక్టోబరు

మొన్న చూస్తే నాలుగు పిల్లలు మొగ్గలోకి తల దూర్చి, ఒళ్లంతా బయట పెట్టుకుని తింటున్నాయి. వాటి మీద చీమలు పాకుతున్నాయి.

నేను కేకపెట్టాను. మావారు పరుగెత్తుకొచ్చి చీమల చాక్‌పీసుతో అయిదు మొదళ్ల చుట్టూ రాళ్ల మీద గీతలు గీశారు. పాపం, మొదటిసారి ఈ ప్రాజెక్టులో ఆయనంతట ఆయన చెయ్యి వేశారు. చీమలు పోయాయి. మూడో రోజుకి పిల్లలు కూడా లేవు. ఒకటి మాత్రం ఆకు మీద ఉంది, కదలకుండా. దాని పక్కన తెల్లటి బియ్యపు నూకల్లాంటి చిన్న గూళ్లు. చిన్న కందిరీగలు దాని ఒంట్లో గుడ్లు పెట్టి, లోపల నుంచి తినేసి బయటికి వచ్చి అల్లుకున్నవి.

27 అక్టోబరు

చీమల గురించి చదవడంతోనే వారం గడిచింది. చింటూ ఇంగ్లీషులో చదివి చెప్పాడు, నేను ఫ్రాకుకి కుచ్చులు పెడుతూ విన్నాను.

ఈ నీలాల కుటుంబంలో చాలావాటికి పిల్లగా ఉన్నప్పుడు వీపు మీద, తోక వైపున, తేనెగ్రంథి ఉంటుంది. చీమ మీసాలతో తడితే ఓ బొట్టు వదులుతుంది. చీమలకి అది తిండి. తిండి పెట్టే చోటుని చీమలు వదలవు, వేరేవాళ్లని రానివ్వవు. కందిరీగలు అంత తేలిగ్గా దగ్గరికి రాలేవు. మేము గీసిన గీత దొంగల్ని ఆపలేదు, కాపలావాళ్లని పంపించేసింది.

ఇంగ్లాండులో ఇదే తప్పు ఒక జాతికి ప్రాణం మీదకి తెచ్చిందట. లార్జ్ బ్లూ అని ఒకటి. దాని పిల్ల కొన్నాళ్లు థైమ్ అనే మొక్క పూలు తిని, తరవాత కింద పడి, చీమని మోసం చేస్తుంది. ఎర్రచీమ దాన్ని తన పిల్ల అనుకుని పుట్టలోకి మోసుకుపోతుంది. అక్కడ అది చీమ పిల్లల్నే తింటూ పెరుగుతుంది. ఈ సీతాకోక తగ్గిపోతోందని జనం దాన్ని పట్టుకోకుండా కంచెలు వేశారు. కంచె లోపల పశువులు మేయలేదు. 1950లలో జబ్బు వచ్చి కుందేళ్లూ పోయాయి. గడ్డి ఎత్తుగా పెరిగింది, నేలకి ఎండ తగల్లేదు, చల్లబడింది. ఆ ఎర్రచీమకి వెచ్చటి నేల కావాలి, అది తప్పుకుంది. మొక్క ఉంది, కంచె ఉంది, సీతాకోక లేదు. 1979లో అక్కడ అంతరించిందని ప్రకటించారు. జెరెమీ థామస్ అనే ఆయన ఏళ్ల తరబడి గడ్డిలో కూర్చుని చూసి చీమ సంగతి తేల్చాడు. 1980లలో స్వీడన్ నుంచి తెచ్చి, గడ్డి మేపించి, మళ్లీ నిలబెట్టారు.

వింటూ వింటూ కుచ్చులు ఒకచోట రెండుసార్లు కుట్టేశాను.

"రోజూ గుమ్మంలో ముగ్గు ఎందుకు వేస్తామనుకున్నావ్? చీమలకేగా" అన్నారు అత్తయ్య, పక్కనుంచి. ఆవిడ చిన్నప్పుడు బియ్యప్పిండితో వేసేవారట. ఇప్పుడు మేం వేసేది రాతి పొడి. అదే గుమ్మానికి రెండో పక్క చాక్‌పీసు గీత. రాయి నమిలే చీమ ఎక్కడుంటుంది?

గీతలన్నీ తడిగుడ్డతో తుడిచాం. మావారే తుడిచారు.

5 నవంబరు, నాగులచవితి

పుట్టలో పాలు పోసి వచ్చాక అత్తయ్య మిగిలిన చలిమిడి ముద్ద ఒకటి గట్టు మీద రాతిపై పెట్టారు. "నీ కాపలావాళ్లకి" అన్నారు. నేను వద్దనలేదు.

కిందటి వారం పెట్టిన గుడ్లు పగిలాయి. ఈసారి పిల్లలు ఏడు, చీమలు లెక్కలేనన్ని. పెద్దదాని దగ్గర భూతద్దం పట్టుకుని అరగంట కూర్చున్నాను. పిల్ల అర అంగుళం లోపే. లేత ఆకుపచ్చ, మొగ్గగొట్టం రంగే. తల ఎటో తోక ఎటో తెలియదు. నల్లచీమ ఒకటి దాని వీపు మీదకెక్కి రెండు మీసాలతో తడుతోంది. డోలు వాయించినట్టు కాదు, నిద్రపోయే పిల్లని జోకొట్టినట్టు మెత్తగా. తోక వైపు నుంచి మూడో వంతు చోట ఒక్కసారి మెరిసింది. నీటి బొట్టు, గాజు పూసలా. చీమ మూతి ఆనించింది, బొట్టు పోయింది. మళ్లీ తట్టడం మొదలు. ఇంతలో దోమంత కందిరీగ ఒకటి వచ్చి పక్క మొగ్గ మీద వాలింది. చీమ పొట్ట ఎత్తి దాని వైపు తిరిగింది. కందిరీగ లేచిపోయింది. పిల్ల తినడం ఒక్క క్షణం కూడా ఆపలేదు.

కూర మాడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

24 నవంబరు

నవంబరు 20న మొదటిది వచ్చింది. మగది, పైన వంకాయరంగు నీలం. ఆకు అడుగున కట్టుకున్న గూడు తొమ్మిదింటికి పగిలింది, పదిన్నరకి ఎగిరింది. నిన్న సాయంత్రానికి నాలుగు. ఏడులో రెండింటిని సాలీడు పట్టింది, ఒకటి ఏమైందో కనబడలేదు. అనుకున్నది అయింది. ఖర్చు 1120.

ఇవాళ ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి కోటకి వెళ్లాం. అత్తయ్య పుట్టిల్లు ఆ పక్కే. అందరూ బొమ్మల కోసం వెళ్తారు, ఆ బొమ్మలు చేసే తెల్లపొణికి కర్ర కొండల్లోదే. ఘాట్‌రోడ్డు పక్కన పొదల నీడలో చిత్రమూలం ఎవరూ నీళ్లు పోయకుండా నడుమెత్తు ఉంది. దాని మీద జీబ్రా బ్లూలు లెక్కపెట్టలేనన్ని. మా అయిదు మొక్కలు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. ఒక్క కొమ్మ కూడా తెంపలేదు, అది అడవి. కోట రాళ్ల మధ్య నేలకి అంటుకుని పెరిగే నీలిమందు జాతి మొక్క మీద ఇంకోటి కనబడింది. గ్రాస్ జ్యూయెల్. మన దేశంలో అతి చిన్న సీతాకోకల్లో ఒకటి. వెనక రెక్క అంచున నారింజరంగులో మెరిసే చుక్కలు, నేను అంటించే కుందన్లు దాని ముందు మోటుగా ఉంటాయి. నా చిటికెనవేలి గోరు మీద కూర్చున్నా ఇంకా చోటు మిగిలేట్టుంది. ఫొటో తీసేలోగా పోయింది.

22 డిసెంబరు

ప్రతి ఆదివారం పదింటి నుంచి పదిహేను నిమిషాలు గట్టు ముందు కూర్చుని లెక్కపెడుతున్నాం. ఇవాళ జీబ్రా బ్లూ 9, పులిచింత నీలాలు 6, రేగు పియరో 1. డాబా మీద నీలి ప్లంబాగో మీద కూడా ఈసారి పిల్లలు బతికాయి. మందు దిగిపోయినట్టుంది.

ఒకదానికి వెనక రెక్కలో ముక్క లేదు. తోక, చుక్కలు ఉండాల్సిన చోట అర్ధచంద్రం కోసినట్టు. బల్లి పని. కూర్చున్నప్పుడు ఈ సీతాకోక వెనక రెక్కల్ని పైకీ కిందికీ రుద్దుతుంటుంది, తోకలు మీసాల్లా ఆడతాయి, చుక్కలు కళ్లలా కనబడతాయి. బల్లి అదే తల అనుకుని కొరుకుతుంది. అసలు తల అటు పక్క క్షేమం. ఆ చిరిగిన రెక్కతోనే ఇవాళ ఓ ఆడది నా ముందు మూడు గుడ్లు పెట్టింది.

5 జనవరి 2025

తెనాలి దగ్గర మా తమ్ముడితో ఫోన్లో గొప్పలు చెప్పుకున్నాను. "నీలి చిలకలా? మా మాగాణి మినుములో పూత మీద అవేగా అక్కా, కావాలంటే సంచిలో పంపిస్తాను" అన్నాడు. వాడు చెప్పేది గ్రామ్ బ్లూ. మినుము, అలసంద పూతా పిందే దాని తిండి. వాడికి అసలు భయం కాయ తొలిచే మరుకా పురుగు, దానికి కొట్టే మందులో ఇవీ పోతాయి. వాడితో వాదించలేదు. ఆ పంట మీదే వాడి కూతురి ఫీజు.

12 జనవరి

నెలలో పూలు తగ్గుతాయి, ఎండలు మొదలవుతాయి. వేసవిలో రోజుకి రెండు క్యాన్లు గట్టుకే కావాలి. వంతులు వేసుకున్నాం, మావారికి సోమ, గురు, శని.

పొద్దున అత్తయ్య విసుక్కుంటూ వచ్చారు. ఆరేసిన నేతచీర అంచు నిండా చిత్రమూలం గొట్టాలు అతుక్కున్నాయి, ఒక్కోదాంట్లో ఒక గింజ. ఎండాక కూడా ఆ జిగురు పోదు. పూజకని ఆ చీరతోనే నిన్న కింద గుడి దాకా వెళ్లొచ్చారట. దారిలో ఎన్ని రాలాయో తెలియదు. కుర్చీలో కూర్చుని ఒక్కోటీ పీకి అరచేతిలో వేసుకుంటుంటే నేను చాట తెచ్చి ముందు పెట్టాను. పదకొండు వచ్చాయి.

"పారేయనా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే లేచి, చెప్పులేసుకుని, మెట్లు దిగడం మొదలుపెట్టారు. ఎక్కడికని అడిగితే, "తొంభయ్యో మెట్టు దగ్గర గోడ పగిలింది, చూళ్లేదా? ఆ మట్టి బాగుంటుంది" అన్నారు.